వడ్రంగి మేస్త్రి జవాబులు: తలుపు పట్టేస్తోంది, చిత్రిక పట్టాలా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా తలుపుల గురించే. వానలు మొదలయ్యాక ఏటా ఇంతే. అన్నిటికీ విడివిడిగా రాయడానికి చోటు చాలదు. అందుకని ఐదు తీసుకుని, అవసరమైనచోట పొడుగ్గానే రాస్తున్నాను.

ప్రశ్న: మేస్త్రిగారూ, మా పడకగది తలుపు టేకుది. చుట్టూ చట్రం, మధ్యలో ప్యానెల్ పలకలు. ఎనిమిదేళ్ళుగా ఏ ఇబ్బందీ లేదు. ఈ వానలకు తాళం వైపు పై మూల ద్వారబంధానికి పట్టేస్తోంది, భుజంతో నెడితే గానీ పడదు. చూడ్డానికి వచ్చినతను "అంచు చిత్రికతో ఆరు మిల్లీమీటర్లు లాగేస్తే సరిపోతుంది" అన్నాడు. లాగించమంటారా?

జవాబు: వద్దమ్మా. అతన్ని రెండు రోజులు ఆగమని చెప్పండి. మీ ఉత్తరంలోనే జవాబు సగం ఉంది: "తాళం వైపు పై మూల." చెమ్మకు ఉబ్బిన తలుపైతే సాధారణంగా అంచు పొడవునా బిగుస్తుంది, ఒక్క మూలలో ఆగదు. పై మూల ఒక్కటే తగులుతోందంటే నేను ముందు అనుమానించేది పై మడతబందును.

తలుపు సగం తెరవండి. పిడి పట్టుకుని మెల్లగా పైకి ఎత్తండి. ఎత్తేటప్పుడు ఇంకొకరు పై బందు మీద కళ్ళు పెట్టి చూడాలి. బందు రేకు ద్వారబంధం నుంచి కాస్తయినా కదిలిందా, స్క్రూ తల బయటికి జరిగిందా? జరిగితే జబ్బు అదే. తలుపు బరువంతా పై బందును బయటికి లాగుతుంది, కింది బందును లోపలికి నొక్కుతుంది. పై బందు 3 మి.మీ. వదులైతే, రెండు బందుల మధ్య దూరం 150 సెం.మీ., తలుపు వెడల్పు 80 సెం.మీ. అనుకుంటే, తాళం వైపు అంచు ఒకటిన్నర మి.మీ. పైగా కిందికి వాలుతుంది. పై మూల 3 మి.మీ. ముందుకు జరిగి ఎదురు ద్వారబంధాన్ని తాకుతుంది. ఇప్పుడు ఆ మూల చెక్కేస్తే ఈ నెలకు తలుపు పడుతుంది. బందు ఇంకాస్త జారగానే మళ్ళీ తగులుతుంది, మళ్ళీ చెక్కుతారు. అలా మూల అరిగిపోయి వంకరగా తయారైన తలుపులు ఎన్నో చూశాను. చివరికి బందు బిగించిన రోజున ఆ మూలలో వేలు దూరేంత సందు మిగులుతుంది.

బందు వదులైతే తలుపు కింద చెక్కముక్క దూర్చి బరువు దాని మీద మోపండి. స్క్రూలు ఊడదీసి చూడండి. రంధ్రంలో చెక్క పొట్టుగా వస్తే, ఆ రంధ్రాన్ని పెద్దది చేసి, గట్టి చెక్కతో చేసిన గుండ్రటి మేకును జిగురు పూసి కొట్టాలి. ఒక రాత్రి ఆరనిచ్చి, పొడుచుకొచ్చినంత మేర కోసేసి, సన్నటి రంధ్రం వేసి స్క్రూ బిగించాలి. అగ్గిపుల్లలు కుక్కడం చూస్తుంటాను. అది నాలుగు రోజుల ముచ్చటే. ద్వారబంధం మందంగా ఉంటే పాత స్క్రూ కంటే పొడుగుది వేస్తే ఇంకా మంచిది.

బందులన్నీ గట్టిగా ఉండి, వాలు మాత్రం కొద్దిగా ఉందనుకోండి. కింది బందు రేకు వెనక, ద్వారబంధం వైపు, ఒకటి రెండు మందపాటి అట్టముక్కలు పెట్టి బిగించండి. తలుపు కింది భాగం కొంచెం ముందుకు జరిగి, తాళం వైపు అంచు పైకి లేస్తుంది. చిత్రిక ముట్టకుండానే పని అయిపోతుంది.

ఇక చెమ్మ సంగతి. చెక్క పొడవునా ఉబ్బడం లెక్కలోకి రాదు. అడ్డంగా, అంటే నారకు అడ్డంగా, ఉబ్బుతుంది. టేకులో చెమ్మ ఒక్క శాతం మారితే ఎక్కువ కదిలే వైపున వెయ్యిలో ఇంచుమించు రెండు వంతులు తేడా వస్తుంది. కోత తీరును బట్టి కొన్ని పలకల్లో అందులో సగమే వస్తుంది. ఎండాకాలానికీ వానాకాలానికీ మధ్య చెమ్మ నాలుగు శాతం పెరిగిందనుకుందాం. మీ తలుపులో అడ్డంగా ఉబ్బేవి రెండు నిలువు చట్టాలే. ఒక్కొక్కటి 10 సెం.మీ. అయితే మొత్తం 20 సెం.మీ. అడ్డ చట్టాలు పొడవుగా పరుచుకుని ఉన్నాయి కాబట్టి అవి సాగవు. ప్యానెల్ పలకలు గాడిలో వదులుగా కూర్చుని ఉంటాయి, ఉబ్బినా గాడిలోకే జరుగుతాయి. లెక్క చూస్తే మీ తలుపు ఒకటిన్నర మి.మీ. వెడల్పవుతుంది. మరి ఆరు మి.మీ. ఎందుకు తీయాలి?

అదే నిలువు పలకలు పక్కపక్కన కలిపి అతికించిన తలుపైతే 80 సెం.మీ. మొత్తం ఉబ్బుతుంది, ఆరు మి.మీ. దాకా వస్తుంది. ఒకే మందం, ఒకే చెక్క. కట్టిన పద్ధతి వేరు, కదలిక నాలుగింతలు. చట్రం, పలక పద్ధతిని కనిపెట్టిన పాత పనివాళ్ళ తెలివి ఇదే. ఇది తలచుకున్నప్పుడల్లా నాకు వాళ్ళ మీద గౌరవం పెరుగుతుంది.

పనిలో చేరిన కొత్తలో ఒక పలకల తలుపుకు జోరు వానల్లో ఐదు మి.మీ. చిత్రిక పట్టాను. ఆ రోజు తలుపు చక్కగా పడింది, ఇంటివాళ్ళు సంతోషించారు. నాలుగైదు నెలల తర్వాత ఎండలు ముదిరాక మా నాన్న నన్ను ఆ ఇంటికి తీసుకెళ్ళి, తలుపు మూసి, చీకటిగదిలో నిలబెట్టారు. పై నుంచి కింది దాకా వెలుగు చార. ఏమీ అనలేదు. సంచిలోంచి సన్నటి టేకు బద్ద తీసి చేతిలో పెట్టి, అతికించమన్నారు. అప్పటినుంచి వానాకాలంలో తలుపు ముట్టుకోవాల్సి వస్తే, తగిలేచోట మాత్రం ఒక మి.మీ.కు లోపల తీసి, మిగతాది పొడి రోజులకు వాయిదా వేస్తాను.

ఒక్క పని ఈరోజే చేయండమ్మా. ఫోను కెమెరా పైకెత్తి తలుపు నెత్తిని ఫొటో తీయండి. కింది అంచు కింద చిన్న అద్దం పెట్టి చూడండి. పచ్చి చెక్క కనిపిస్తోందా? పదింటిలో ఎనిమిది తలుపులకు అక్కడ రంగు వేసి ఉండదు, ఎవరికీ కనిపించదు కాబట్టి. నిలువు చట్టాల కొసలు అక్కడే అడ్డంగా తెగి ఉంటాయి. చెట్టు నీళ్ళు పీల్చిన సన్నటి గొట్టాలు అక్కడ నోళ్ళు తెరుచుకుని ఉంటాయి. పక్క అంచు కంటే ఎన్నో రెట్లు వేగంగా చెమ్మ తాగుతాయి. పొడిరోజున ఆ రెండు అంచులకూ రెండు పూతలు వార్నిషో రంగో పూయించండి.

ప్రశ్న: పాత ఇంటికి కొత్త తలుపు తెచ్చాను. చట్రం, పలకల తలుపే. ద్వారబంధం లోపలి వెడల్పు 81 సెం.మీ., తలుపు 82 సెం.మీ. నా దగ్గర చిత్రిక, రంపం, మూలమట్టం ఉన్నాయి. నేనే చేసుకోవాలని ఆశ. ఎక్కడ మొదలుపెట్టను?

జవాబు: తప్పకుండా చేసుకో తమ్ముడూ. తొందర లేనివాడి చేతిలో తలుపు పాడవదు.

81 అని ఎక్కడ కొలిచావు? పైన, మధ్యలో, కింద మూడుచోట్ల కొలువు. మూల నుంచి మూలకు రెండు వైపులా కొలువు. ఆ రెండూ సమానంగా లేకపోతే ద్వారబంధం ఒరిగిందని అర్థం. పాత ఇళ్ళలో సరిగ్గా మూలమట్టానికి ఉన్న ద్వారబంధం అరుదు. అందుకే అంకెలు నమ్ముకుని తలుపును దీర్ఘచతురస్రంగా కోయకు. తలుపు ద్వారబంధం ఆకారానికి రావాలి. వంకర ద్వారబంధంలో తిన్నటి తలుపు పెడితే ఆ వంకర అందరికీ కనిపిస్తుంది.

ఎంత తీయాలో చూద్దాం. బందుల వైపు 2 మి.మీ., తాళం వైపు 3 మి.మీ. సందు వదలాలి. అంటే తలుపు చివరికి 805 మి.మీ. కావాలి, ఉన్నది 820. మొత్తం 15 మి.మీ. పోవాలి. అంతా ఒకవైపే తీస్తే ఒక చట్టం సన్నగా, ఒకటి లావుగా కనిపించి కళ్ళకు పొడుచుకుంటుంది. రెండువైపులా ఏడున్నర చొప్పున పంచు. ఇంత మేర చిత్రికతో తీయాలంటే చేతులు పడిపోతాయి. గీతకు ఒక మి.మీ. బయటే రంపంతో కోసి, ఆ మి.మీ. మాత్రం చిత్రికకు వదులు. తాళం గాడి ఇంకా తొలవలేదు కదా, మంచిదైంది. గాడి ఉన్న తలుపుకు మూడు నాలుగు మి.మీ. కంటే ఎక్కువ తీయాల్సి వస్తే బందుల వైపు తీస్తాను. బందు గాడిని కాస్త లోతు చేసుకుంటే చాలు, తాళం జోలికి పోనక్కర్లేదు.

వరస ఇది. ముందు బందుల వైపు అంచు. దాన్ని ఆ వైపు ద్వారబంధానికి కలిపి చూస్తూ సరిచేయాలి, అన్నిటికీ ఆధారం అదే. తర్వాత పై అంచు. ఆ పైన తాళం వైపు. కింది అంచు ఆఖరున. ఒక్కో అంచు కుదిరాకే రెండోది ముట్టుకో. తలుపును చెక్కముక్కల మీద నిలబెట్టి ద్వారబంధానికి ఆనించి, 2 మి.మీ. మందం అట్టముక్కలు సందుల్లో పెట్టి, ద్వారబంధం వెంబడి పెన్సిల్‌తో గీత లాగితే వంకరంతా తలుపు మీదికి దిగుతుంది.

చిత్రిక పట్టేటప్పుడు తలుపును పొడుగు అంచు మీద నిలబెట్టి, గది మూలకు ఆనించి, కింద పాత దుప్పటి వేసుకో. అంచంతా పెన్సిల్‌తో పిచ్చిగీతలు గీయి. ఎక్కడ గీతలు పోయాయో అక్కడ చిత్రిక పడింది, మిగిలినచోట పల్లం ఉంది. పక్కనుంచి నార ఎటు ఎక్కుతోందో చూసి అటే తొయ్యి. పొర ఉంగరంలా చుట్టుకుని వస్తే దిశ సరే. చెక్క పెచ్చులుగా లేస్తే నారకు ఎదురు పోతున్నట్టు, వెనక్కి తిరిగి తొయ్యి. పొడుగు చిత్రికే వాడు. పొట్టిది ఎగుడుదిగుడుల వెంట పోతుంది, పొడుగుది వాటిని కోస్తుంది. ప్రతి నాలుగైదు తోపులకూ మూలమట్టం ఆనించు.

పై అంచు, కింది అంచు దగ్గర జాగ్రత్త. అక్కడ మధ్యలో అడ్డ చట్టం, రెండు కొసల్లో నిలువు చట్టాల తెగిన ముఖాలు. ఒక కొస నుంచి రెండో కొస దాకా ఒకేసారి తోశావా, అవతలి కొసలో గోరంత చెక్క చీలి ఊడిపోతుంది. ఎప్పుడూ బయటి నుంచి మధ్యకు, రెండు వైపుల నుంచీ రావాలి. బ్లేడు అప్పుడే నూరినదై ఉండాలి. కింద ఒకటి రెండు సెం.మీ. మించి కోయకు. అడ్డ చట్టం కొస నిలువు చట్టం బెజ్జంలోకి దిగి తలుపును పట్టి ఉంచుతోంది. ఎక్కువ కోస్తే ఆ పట్టు బయటపడి బలహీనమవుతుంది.

చాలామంది మరిచిపోయేది తాళం వైపు అంచు వాలు. తలుపు బందు చుట్టూ తిరుగుతుంది. ద్వారబంధంలో తలుపు కూర్చునే గాడిలోకి ముందుగా దిగే ముఖం తాలూకు అంచు బందు ఇరుసుకు కొంచెం ఎక్కువ దూరంలో ఉంటుంది, తలుపు మందం వల్ల. 80 సెం.మీ. వెడల్పు, 35 మి.మీ. మందం ఉన్న తలుపుకు ఆ తేడా ముప్పావు మి.మీ. అంటే మూడు మి.మీ. సందులో ముప్పావు అక్కడే పోతుంది. అందుకని గాడిలోకి దిగే వైపు రెండు మి.మీ. ఎక్కువ తీసి, అంచును కొద్ది వాలుగా చేయాలి. మందం మొత్తం మీద రెండు మూడు డిగ్రీలు, అంతే. ఈ వాలుంటే బయటి ముఖంలో సందు సన్నగా అందంగా ఉంటుంది, తలుపు మెత్తగా పడుతుంది. వాలు ఏ వైపో తలుపు మీద పెన్సిల్‌తో రాసుకో. తిప్పి పడుకోబెట్టాక ఎవరికైనా తికమక వస్తుంది.

బందు గాడి లోతు రేకు మందమంతే ఉండాలి. లోతెక్కువైతే తలుపు మూసేటప్పుడు ద్వారబంధాన్ని ఒత్తి బందునే పెకలిస్తుంది. ముందు ఒక్కో బందుకు ఒక్కో స్క్రూనే బిగించి, తలుపు నాలుగైదుసార్లు వేసి తీసి చూసి, నచ్చాకే మిగతావి బిగించు.

కోసిన అంచులకు ఆ రోజే మొదటి పూత పడాలి. రేపు అనుకుంటే ఆ రేపు నెలలవుతుంది.

ప్రశ్న: ఇంట్లో కొత్తగా టైల్స్ వేయించాం. నేల ఎత్తు పెరిగి ఫ్లష్ డోరు కింద రాసుకుంటోంది. 12 మి.మీ. కోయాలి. లోపల డొల్ల ఉంటుందంటున్నారు, నిజమేనా?

జవాబు: ఫ్లష్ డోరంటే రెండు వైపులా నున్నటి పొర అతికించిన తలుపు. లోపల కొన్నిటిలో డొల్ల, కొన్నిటిలో చెక్కబద్దలు. వేలి కణుపుతో కొట్టి వింటే తెలుస్తుంది. ఏదైనా చుట్టూ అంచున ఒక గట్టి చెక్కబద్ద ఉంటుంది, డొల్ల తలుపుల్లో అది ఒక్కోసారి మూడు సెం.మీ. కూడా ఉండదు. మీ 12 మి.మీ. దానిలోనే ఇమిడితే చింత లేదు. రంపం ఆ బద్దను దాటి పోయి లోపలి ఖాళీ కనిపిస్తే భయపడకండి. ఖాళీ మందానికి సరిపడే చెక్కబద్ద తయారుచేసి, జిగురు పూసి లోపలికి దూర్చి, రెండు వైపులా బిగించి రాత్రంతా ఉంచండి. అలా నోరు తెరిచి వదిలేస్తేనే ప్రమాదం. పై పొరలు విడిపోతాయి.

గుర్తు పెట్టేది తలుపు మూసి ఉన్నప్పుడు మాత్రమే కాదు. టైల్స్ నేల అంతటా ఒకే ఎత్తులో ఉండదు. తలుపు తిరిగే దారిలో ఎక్కడ నేల ఎత్తుగా ఉందో అక్కడ ఆపి, 7 మి.మీ. మందం చెక్కముక్కను నేల మీద పెట్టి, దానిపై పెన్సిల్ ఆనించి తలుపుకు గుర్తు పెట్టండి. స్నానాలగది తలుపైతే గాలి ఆడటానికి ఇంకాస్త ఎక్కువ వదలండి.

తలుపు దించి, గీత మీద స్కేలు ఆనించి పదునైన కత్తితో రెండు మూడుసార్లు గట్టిగా గీయండి. పై పొర అప్పుడే తెగిపోతుంది కాబట్టి రంపం దాన్ని చీల్చలేదు. కరెంటు చక్ర రంపం పళ్ళు కింది నుంచి పైకి కోస్తాయి, చీలేది పైముఖం. కాబట్టి బాగా కనిపించే ముఖాన్ని కిందికి పెట్టి కోయాలి. చేతి రంపానికి సరిగ్గా తలకిందులు.

ప్రశ్న: పనివాడు ఎక్కువ చెక్కేశాడు. తాళం వైపు ఎనిమిది మి.మీ. సందు. తలుపు మార్చాల్సిందేనా?

జవాబు: అక్కర్లేదండీ. సన్నబద్ద అతికించవచ్చు, కానీ మూడు మి.మీ. బద్ద నిలవదు, పగిలిపోతుంది. కనీసం పది మి.మీ. ఉండాలి. అందుకని బందుల వైపు అంచును తిన్నగా ఐదారు మి.మీ. చిత్రిక పట్టి, అదే జాతి చెక్కతో, నార పొడవునా ఉన్న బద్దను జిగురుతో అతికించి, పట్టీలతో బిగించి ఒక రోజు ఉంచండి. బద్ద పది మి.మీ. అయితే తలుపు నాలుగైదు మి.మీ. పెరిగి, సందు మూడు నాలుగుకు వస్తుంది. అతుకు బందుల వైపు ఉంటుంది కాబట్టి తలుపు మూసినప్పుడు కనపడదు, తాళం గాడి చెక్కుచెదరదు. మేకులు మాత్రం వద్దు. రేపు ఎవరో చిత్రిక పట్టినప్పుడు బ్లేడు విరుగుతుంది. బందు గాడులు మళ్ళీ తొలుచుకోవాలి, ఆ శ్రమ తప్పదు.

ప్రశ్న: కరెంటు చిత్రిక అద్దెకు తెచ్చుకోవచ్చా? తలుపు మా తాతగారి నాటిది, రంగు మీద రంగు పడి ఉంది.

జవాబు: తెచ్చుకోవచ్చు, లోతు అర మి.మీ.కు పెట్టుకుంటేనే. అంచు కొసల్లో యంత్రం కిందికి దిగి గుంత చేస్తుంది. మొదట్లో ముందు భాగాన్ని, చివర్లో వెనక భాగాన్ని నొక్కి పట్టండి. నడిపే ముందు అంచులో మేకు తలలు ఉన్నాయేమో వేలితో తడిమి, అయస్కాంతంతో వెతకండి.

అయితే మీ తలుపు విషయంలో నాకు అసలు దిగులు రంగు గురించే. అన్నేళ్ళనాటి రంగుల్లో సీసం ఉండే అవకాశం ఎక్కువ. కరెంటు చిత్రిక ఆ రంగును దుమ్ము చేసి ఇల్లంతా చల్లుతుంది, అది పిల్లలకు చాలా హాని. చాలాసార్లు అలాంటి తలుపు బిగుసుకోవడానికి చెక్క కారణం కాదు, పొరలు పొరలుగా పేరుకున్న రంగే ఒక మి.మీ. దాకా ఉంటుంది. ముందు అంచును నీళ్ళతో తడిపి, నీటికి పనికొచ్చే గరుకు కాగితంతో తడిమీదే రుద్ది రంగు తీయండి. ముక్కుకు మంచి మాస్కు ఉండాలి, పిల్లలు ఆ పూట ఇంకో ఇంట్లో ఉండాలి, తుడిచిన గుడ్డ పారేయాలి. రంగు పోయాక తలుపు రెండు రోజులు ఆరనిచ్చి వేసి చూడండి. అప్పటికీ పట్టేస్తే ఎక్కడ పట్టేస్తోందో, పై మూలా, అంచు పొడవునా, కిందా, గుర్తు పెట్టి నాకు మళ్ళీ రాయండి.